సైరన్ మోగితేనే పాలు

నా మాటల్ల ఉప్పు జర ఎక్కువ పడుతదని నన్ను ఎరిగినోళ్లందరికి తెలుసు. నేను "పులి కనపడ్డది" అంటే మా ఆయన దాన్ని పిల్లి చేసుకొని వింటడు. "బస్సుల నిలబడ జాగ లేదు" అంటే "కూసోను జాగ దొరికిందా?" అని అడుగుతడు. అందుకని ముందుగాలనే చెప్తున్న: కింద రాసిన దాంట్ల కొన్ని జాగలల్ల ఉప్పేసిన. ఎక్కడ వెయ్యలేదో అక్కడ చెప్త.

ఇరవై ఏండ్లకు మీదనే నేను చేసిన కొలువు ఏందంటే, తల్లిపాల గురించి నర్సుల కోసం వచ్చే పుస్తకాలు, బొమ్మల అట్టలు, సినిమా రీళ్లు చూసి, ఇవి పనికొస్తయా రావా అని రాసుడు. కరీంనగర్‌ల మా ట్రైనింగ్ సెంటర్ ఉండె. నెలకొకసారి సైక్లోస్టైల్ చేసిన పత్రిక తీసేటోళ్లం. ఇటు మెట్‌పల్లి నుంచి అటు జైనూర్ గుట్టల దాకా ఉన్న నర్సులందరికి అది పోయేది. దాంట్ల ఆఖరు పేజీ నాది. నేను మంచిగున్నదంటే ఆ పుస్తకం నర్సుల సంచులల్లకు పోయేది. బాగలేదంటే మా స్టోరుల చెదలకు పోయేది.

మొన్న ఇద్దరు అమ్మాయిలు ఇంటికి వచ్చి, "మేడం, మాకు గీ సమీక్షలు రాసే పనిచ్చిండ్రు. న్యాయంగ రాయాలంటే ఎట్ల?" అని అడిగిండ్రు. నేను వాలంటరీ రిటైర్మెంట్ తీసుకొని ఇంట్ల కూసున్నదాన్ని, మాట్లాడనీకి మనిషి దొరికితే ఇడిచిపెడుతనా? నా ప్రమోషన్ల సంగతి చెప్పలే, చెప్పుకునేటన్ని లేవు. నేను రాసిన ఒక తప్పుడు సమీక్ష గురించి చెప్పిన. దానివల్ల ఒక పసిబిడ్డ పానం మీదికి వచ్చింది. అదే ఇక్కడ రాస్తున్న.

అట్ట మీద పడుడు

మా సెంటర్‌కు పెద్ద డాక్టరు ఒకాయన ఉండె. అందరం పెద్ద సారు అనేటోళ్లం. మెట్‌పల్లి దిక్కు భూములున్న ఖాందాన్. హైదరాబాద్‌ల చదువుకున్నడు గనుక ఆఫీసుల అచ్చు పుస్తకం లెక్క మాట్లాడుతడు. కోపం వస్తే మాత్రం లోపలున్న మెట్‌పల్లి బయటికి దుంకుతది. నన్ను పల్లెలున్న సబ్‌సెంటర్‌కెల్లి తీసుకొచ్చి కలం చేతికిచ్చింది ఆయనే. ఈ మాట ముందే రాసిపెడుతున్న, ఎందుకంటే తర్వాత ఆయనను తిట్టేదున్నది.

ఆయన చెప్పిన మొదటి పాఠం గిది: "చూడమ్మా పద్మా, సమీక్ష రాయడం అంటే పెళ్లికి వెళ్లినట్టు. మూడు మాటలు పొగడాలి. చివర ఒక లోపం చెప్పాలి. అది ఎవరికీ తగలకూడదు."

"ఎవరికీ తగలని లోపం ఏముంటది సార్?"

"అట్ట ఉంది కదా. 'అట్ట ఇంకొంచెం మందంగా ఉండవలసింది' అని రాసేయ్."

ఇగ నేను అట్టల మీద పడ్డ. కొన్నేండ్లు నా కలం కింద పడని అట్ట లేదు. ఆఖరికి పుస్తకం తెరువకుండనే రాసుడు వచ్చింది. పేరు చూసి ఒక వాక్యం, మందం చూసి ఒక వాక్యం, వాసన చూసి ఒక వాక్యం. ఒకసారి ప్రెస్సోళ్ల పొరపాటుకు లోపలంత తెల్లకాయితాలే ఉన్న పుస్తకం వచ్చింది. దానికి సుత రాసి పంపిన: "సరళమైన రచన. చదివేవారికి ఎక్కడా భారం అనిపించదు. అట్ట ఇంకొంచెం మందంగా ఉండవలసింది."

నమ్మకుంటే మీ ఇష్టం. ఉప్పు పడ్డది గని, బుడ్డెడు గాదు, చిటికెడే. మొదటి నాలుగు పేజీలల్ల అచ్చు ఉండె.

డబ్బా కంపెనీ పుస్తకం

తర్వాత డబ్బాపాలు అమ్మే కంపెనీ ఒకటి నర్సుల కోసం పుస్తకం పంపింది. దాని అట్ట చూసి నాకే దిక్కు తోచలే. అద్దం లెక్క మెరుస్తున్నది. దాని మీద తెల్లటి పిల్లగాడు, బుగ్గలు ఎంత ఉన్నయంటే కండ్లకు జాగ మిగల్లే. ఇగ అట్టను తిట్టుడు కాదని లోపలికి పోయిన.

మొదటి పేజీల "తల్లిపాలే శ్రేష్ఠం" అని పెద్ద అక్షరాలు. రెండో పేజీకెల్లి షురూ: పాలు చాలనిచో. తల్లి అలసినచో. తల్లి పనికి పోయినచో. తల్లికి దిగులు కలిగినచో. ఆ పుస్తకం చదివితే ఎంత గట్టి తల్లికైనా దిగులు కలుగుతది. కలిగిందా, డబ్బా తయారుగ ఉన్నది.

నేను రాసిన: "మొదటి పేజీ చాలా బాగుంది. దాన్ని చింపి గోడకు అంటించుకోండి. మిగతా పేజీలు పొయ్యి రాజేయడానికి పనికొస్తాయి. కాగితం మంచిది, జల్ది అంటుకుంటుంది."

పెద్ద సారు కడుపు పట్టుకొని నవ్వి అట్లనే అచ్చేయించిండు. నర్సులు ఆ పేజీ కత్తిరించి దాచుకున్నరు. పద్మ మేడం అంటే ఎవ్వరికి భయపడదు, ఉన్నదున్నట్టు రాస్తదని రెండు జిల్లాలల్ల పేరొచ్చింది. నేను సుత నమ్మిన. ఎక్కన్నో ఉన్న కంపెనీని తిట్టనీకి ధైర్యం ఎందుకు, వాడేమన్న మన పక్క కుర్చీల కూసుంటడా? పక్క కుర్చీల ఉన్నోడు రాసిన పుస్తకం చేతికి వచ్చిన రోజే మన సంగతి తెలుస్తది.

"ఆమె అత్త ఏది?"

పక్క కుర్చీ కంటె ముందు జైనూర్ ముచ్చట ఒకటి చెప్పాలె.

విదేశాలకెల్లి ఒక సినిమా రీలు వచ్చింది. బిడ్డను ఎట్ల పట్టుకోవాలె, రొమ్ము ఎట్ల అందియ్యాలె, అన్ని మంచిగ చూపిచ్చిండ్రు. జైనూర్ దగ్గర ఒక గూడెంల బడి గోడకు దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ పెట్టి చూపిచ్చినం. తెర మీద ఒక తెల్లామె మెత్తటి కుర్చీల కూసున్నది. వీపుకు ఒక మెత్త, మోచేతికి ఒక మెత్త, కాళ్ల కింద ఒక మెత్త. అక్కడి టీచరమ్మ గోండిల చెప్పుకుంట పోయింది. ఆడోళ్లందరు కదలకుండ చూసిండ్రు. అయిపోయినంక "ఏమన్న అడుగుతరా?" అంటే, ముంగట కూసున్న ఒక ముసలామె ఏదో అడిగింది. అందరు తలకాయలు ఊపిండ్రు.

టీచరమ్మ నా దిక్కు తిరిగి చెప్పింది: "ఆమె అత్త ఏది అని అడుగుతున్నది మేడం. గింతసేపు బొమ్మ నడిచింది, అత్త ఒక్కసారన్న రాలే. సచ్చిపోయిందా?"

నేను కరీంనగర్ వచ్చేదాక బస్సుల నవ్వుకుంట వచ్చిన. ఇంటికి వచ్చినంక నవ్వు ఆగిపోయింది. గూడెమే గాదు, భైంసాల పత్తి సేట్ల ఇండ్లల్ల సుత అంతే గద. కాన్పయిన మొదటి పది దినాలు బిడ్డ నోట్ల ఏం పడాల్నో చెప్పేది అత్త, లేకుంటే బాలింతను కన్న అవ్వ, లేకుంటే మంత్రసాని. పుస్తకం మాత్రం ఆ గదిల తల్లీబిడ్డా తప్ప ఇంకెవ్వరు లేనట్టు రాస్తరు. ఆనాటికెల్లి ఏ పుస్తకం వచ్చినా ముందుగాల నేను అత్త కోసం ఎతుకుత. అత్త లేకుంటే పక్కన పెడుత. ఈ పరీక్ష ఏ ట్రైనింగ్‌ల చెప్పరు, రాసుకోండ్రి.

ముప్పై ఒకటో పేజీ

ఇగ పెద్ద సారు తానే ఒక పుస్తకం రాసిండు, తల్లిపాల మీద నర్సుల కోసం.

నిజం చెప్పాలంటే మంచి పుస్తకం. అత్త పరీక్షల పాసయింది. మా దిక్కు ముర్రుపాలు, అంటే కాన్పయిన వెంటనే వచ్చే పసుపుపచ్చ పాలు, చెడ్డయని పిండి పారబోసేటోళ్లు. మూడు దినాలు బిడ్డకు ఆముదం నాకిచ్చేటోళ్లు. దాని గురించి సారు ఒక అధ్యాయం రాసిండు. నర్సు పోయి అత్తతోటి ఏమనాల్నో రాసిండు: "అవ్వా, నీ బర్రె ఈనితే మొదటి పాలు దూడకు తాపుతవా, పారబోస్తవా? దూడ తాగకుంటే నిలబడదని నీకే ఎరుక. దూడకు చేసే మేలు మనుమనికి చెయ్యవా?" అంతే. ఆ ఒక్క మాటతోటి ఎన్ని ఇండ్లల్ల ముర్రుపాలు బిడ్డ నోట్ల పడ్డయో.

కని ముప్పై ఒకటో పేజీ ఉన్నది. దాని నిండ ఒక గడియారం బొమ్మ. కింద రాత గిట్ల: "నాలుగు గంటలకొకసారి, నిర్ణీత వేళకు మాత్రమే పాలివ్వాలి. మధ్యలో ఏడ్చినా ఇవ్వరాదు, అలవాటు చెడుతుంది. అవసరమైతే కాచి చల్లార్చిన చక్కెరనీళ్లు సీసాతో పట్టవచ్చు." సారు చదువుకున్న కాలంల డాక్టర్లకు గట్లనే చెప్పేటోళ్లట.

నేను ఇద్దరు పిల్లల తల్లిని. నా పిల్లలకు గడియారం చూసి పాలియ్యలే. మా ఇంట్ల గడియారం ఆగిపోయి ఉండె, నా పిల్లలు మాత్రం ఆగినోళ్లు గాదు. ఏడ్వకముందే రొమ్ముకు అదుముకునేదాన్ని. ఆ పేజీ నేను చదివిన. చదివి, వేలు తడుపుకొని, తిప్పేసిన.

ఇక్కడ ఉప్పు లేదు.

సమీక్ష ఏం రాసిన్నంటే: "ప్రతి నర్సు సంచిలో థర్మామీటర్ పక్కన ఉండవలసిన పుస్తకం. అట్ట ఇంకొంచెం మందంగా ఉండవలసింది."

పుస్తకం రెండు జిల్లాలకు పోయింది.

సుగుణ ఉపాయం

సుగుణ అని మా దగ్గరనే ట్రైనింగ్ అయిన నర్సు. బొగ్గుబాయి కార్మికుల కాలనీ ఒకదాంట్ల కొలువు. చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల. ఆ గుణం చూసి మురిసేటోళ్లం. దాన్ని చూసి జర భయపడాలని అప్పుడు తెల్వదు.

ఏడాది కాకముందే ఆమె దగ్గరికెల్లి ఉత్తరం వచ్చింది. "సారు పుస్తకం నూటికి నూరుపాళ్లు అమలు చేస్తున్న మేడం. మా కాలనీల ఇండ్లల్ల గడియారాలు లేవు. అందుకే ఒక ఉపాయం చేసిన. బాయి సైరన్ పొద్దుగాల ఏడింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదకొండింటికి షిఫ్టు మారినప్పుడల్లా కూస్తది. సైరన్ కూసినప్పుడు ఒకసారి, రెండు సైరన్ల నడుమ ఒకసారి పాలియ్యాలని తల్లులకు నేర్పిన."

పెద్ద సారు ఆ ఉత్తరం చూసి మురిసి ముద్దయిండు. "రెండో ముద్రణ ప్రెస్సులో ఉందమ్మా. ఆ కాలనీకి వెళ్లి చూసి రా. నీ సమీక్షలో దాని గురించి ఒక పేరా పెట్టు" అన్నడు.

పోయిన.

సైరన్ రాలే

కాలనీల వరుసగ క్వార్టర్లు. సుగుణ నన్ను బస్సు కాడికెల్లి తోలుకపోయింది, నడుస్తలేదు, ఎగురుతున్నది. ఒక ఇంటి ముంగట ఆగినం. వాకిట్ల రాధమ్మ అనే తొలిచూలు తల్లి, ఒళ్లె రెండు నెలల ఆడిపిల్ల. పక్కన గోడకు ఒరిగి ఆ లైన్ల మంత్రసాని లచ్చవ్వ ఆకు నములుతున్నది.

"మేడం, టైము చూడుండ్రి, మూడు కావస్తున్నది" అన్నది సుగుణ. "ఇగ సైరన్ కూస్తది. లైన్ల తల్లులందరు ఒక్కపారే పిల్లల్ని ఒళ్లె ఏసుకుంటరు. ఫోటో తీసేటట్టు ఉంటది."

చుట్టుపక్క ఇండ్లల్ల పిల్లలు ఏడుస్తున్నరు. రాధమ్మ బిడ్డ ఏడుస్తలేదు. నేను వంగి చూసిన. కాళ్లు కొత్తిమీర కాడల లెక్క ఉన్నయి. మొఖం ముసలామె మొఖం. కండ్లు తెరిచే ఉన్నయి గని, ఎటు చూస్తలేదు.

"ఈమె ఏడ్వదేంది?"

"మొదట్ల మస్తు ఏడ్చేది మేడం" అన్నది సుగుణ, ఎంత గర్వంగనో. "ఇప్పుడు బందు పెట్టింది. అలవాటైంది."

లచ్చవ్వ ఆకు ఉమ్మి, "అలవాటు గాదే, ఓపిక లేక. ఏడ్వనీకి సుత బలం గావాలె" అన్నది.

మూడయింది. సైరన్ రాలే. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. సుగుణ తన చేతి గడియారాన్ని తట్టి చూసుకుంటున్నది. రాధమ్మ బాయి దిక్కు చూసుకుంట కూసున్నది. రైక మీద రెండు పక్కల తడి పాకుతున్నది. పాలు వచ్చి కారిపోతున్నయి, బిడ్డ జానెడు దూరంల ఉన్నది, తల్లి గుట్ట మీదికెల్లి దూరం చూసినట్టు సైరన్ కోసం చూస్తున్నది.

"ఏం చూస్తరే?" అన్నది లచ్చవ్వ. "జరసేపటి కిందనే సమ్మె షురూ అయింది. బాయి బందు. సైరన్ ఎవడు కూయిస్తడు, నీ బాపు కూయిస్తడా?"

అప్పుడు రాధమ్మ నా మొఖం చూసి అడిగింది: "మేడం, మీరు పెద్ద చదువు చదివినోళ్లు. సైరన్ రాకుంటే ఏం చెయ్యాల్నో పుస్తకంల ఏమన్న రాసిండ్రా?"

ఆ పుస్తకాన్ని థర్మామీటర్ పక్కన పెట్టించిన మనిషి ముంగట నిలబడి ఉన్నదని ఆమెకు తెల్వదు.

"ఇయ్యి తల్లీ. ఇప్పుడే ఇయ్యి" అన్న.

"వేళ తప్పితే అలవాటు చెడుతదట గద మేడం. మా ఆయన సుత పుస్తకం చదివించుకున్నడు, ఊకోడు."

నడుమ ఇయ్యాల్సిన పాలు ఎప్పుడిస్తున్నవని అడిగితే, "నడుమ ఎప్పుడో తెల్వదు గద మేడం, చక్కెరనీళ్లు పడుతున్న" అన్నది. అంటే రోజుకు మూడుసార్లు. మిగతాదంత సీసాల చక్కెరనీళ్లు. పిల్ల చప్పరిచ్చిన కొద్దే పాలు పడతయి. చప్పరిచ్చుడు తగ్గితే అయి సుత తగ్గుతయి. తల్లికి పాలు తగ్గుతున్నయి, బిడ్డ ఎండుతున్నది, అంత పద్ధతి ప్రకారం.

ఇవన్ని ఆమెకు విడమరిచి చెప్పేటంత టైము ఆ బిడ్డకు లేదనిపిచ్చింది. నేను వాకిలి నడుమకు పోయిన. రెండు చేతులు నోటికి అడ్డం పెట్టుకున్న. ఊపిరి ఎంత పడితే అంత గుంజుకొని, కూసిన.

"ఊఁఁఁఁఁ…"

సైరన్ లెక్కనే, కిందికెల్లి మీదికి లేపి, మీద నిలబెట్టి, మల్ల కిందికి దించిన. లైన్ల దర్వాజలు తెరుచుకున్నయి. కుక్కలు మొరిగినయి. ఆడోళ్లు బయటికి వచ్చి, చీరె కట్టుకున్న సర్కారు మేడం వాకిట్ల నిలబడి ఊళ పెడుతున్నదని నోళ్లు నొక్కుకున్నరు. లచ్చవ్వ తొడ కొట్టి నవ్వింది. "కూసిందే, కూసింది! తాపు బిడ్డా, తాపు!"

రాధమ్మ బిడ్డను అదుముకున్నది. బిడ్డకు పట్టుకునే శక్తి లేదు. లచ్చవ్వ పోయి నాలుగు చుక్కలు వేలు మీద పిండి పెదవులకు రాసింది. నాలుక కదిలింది. ఇంకో నాలుగు చుక్కలు. మెల్లగ దొరకబట్టింది. గుటుక్కుమని శబ్దం వినపడ్డది. రాధమ్మ ఏడ్చింది, నవ్వింది, నాకు తెల్వదు, రెండు ఒక్కపారే చేసింది.

మాపటి దాక ఉండి ఇంకో మూడుసార్లు కూసిన. ఆఖరుసారి నేను నోరు తెరువకముందే రాధమ్మ ఇస్తున్నది. కుక్కలు ఎన్నో నాకు గుర్తులేదు, మా ఆయన ఒక్కటే అంటడు, ఆయన అక్కడ లేడు. మిగతాదంత ఉప్పు లేకుండ రాసిన.

లచ్చవ్వల ఉన్న తప్పు పేజీ

సుగుణ ఇంటి ఎనుక పోయి నిలబడ్డది. "నేనేం తప్పు చేసిన మేడం? పుస్తకంల ఉన్నదే చేసిన" అని ఏడ్చింది.

"నువ్వు చెయ్యలే. నేను చేసిన. ఇంట్ల చేసింది ఒకటి, పత్రికల రాసింది ఒకటి" అన్న.

లచ్చవ్వ మాత్రం ఎవ్వరి మీద జాలి పడలే. "మూడు కాన్పులైనోళ్లు మీ పుస్తకానికి తలకాయ ఊపి, దర్వాజ పెట్టుకొని ఇచ్చుకుంటున్నరు నర్సమ్మా. గీ తొలిచూలుదే ఆగమైంది. మాట వినేటిదే ఎప్పుడన్న ఆగమైతది."

సమీక్షలు రాసే అమ్మాయిలారా, ఈ మాట నాది గాదు, లచ్చవ్వది. పుస్తకంల తప్పు దాన్ని నమ్మినోళ్లకే తగుల్తది. మొండోళ్లకు ఏం కాదు.

అట్లని లచ్చవ్వను దేవత చెయ్యకండ్రి. ఆమె అన్నదంత వేదం అనుకొని నేను అడిగిన: "అవ్వా, ముర్రుపాలు ఏం చేస్తవు?"

"పారబోపిస్త. మూడొద్దులు ఆముదం నాకిస్త. మా అవ్వ గట్లనే చేసింది."

నేను బర్రె ముచ్చట చెప్పిన. దూడకు తాపుతవా, పారబోస్తవా? లచ్చవ్వ నముల్తున్న ఆకును ఆ బుగ్గకెల్లి ఈ బుగ్గకు మార్చింది. "గీ మాట ఎవడన్నడే? మంచిగనే అన్నడు."

"గడియారం బొమ్మ వేసినోడే."

"ఒక్కడేనా?" అన్నది లచ్చవ్వ. "ఒక చేత్తోని పెట్టి, ఒక చేత్తోని గుంజుకున్నడా?"

సమీక్ష అంటే అది. ఆమెకు చదువు రాదు. నేను ఒక పేజీల రాసేది ఒక్క మాటల చెప్పింది.

ఆయన పుస్తకం, నా కలం

కరీంనగర్ వచ్చి రాసిన. "ఈ పుస్తకానికి నేను మునుపు రాసిన సమీక్ష తప్పు. ముప్పై ఒకటో పేజీ చదివి కూడా ఊరుకున్నాను, ఎందుకంటే రాసినవారు నా పైఅధికారి. ముర్రుపాల అధ్యాయం వంటిది ఇంకెక్కడా నేను చదవలేదు. దాని కోసం ఈ పుస్తకం ప్రతి ఊరికీ పోవాలి. ముప్పై ఒకటో పేజీతో మాత్రం పోకూడదు. ఆ పేజీ పాటించిన ఒక తల్లి బిడ్డ ఎండిపోయింది. నేను చూసి వచ్చాను. బిడ్డ అడిగినప్పుడల్లా పాలివ్వండి. చక్కెరనీళ్లు వద్దు, సీసా వద్దు. అట్ట బాగానే ఉంది."

పెద్ద సారు చదివిండు. కండ్లద్దాలు తీసి, తుడిచి, మల్ల చదివిండు.

"ఇది నాకు నోటితో చెప్పవచ్చు కదమ్మా. అచ్చులో ఎందుకు?"

"మీ గడియారం అచ్చుల పోయింది సార్. నా నోటిమాట దాన్ని అందుకోదు."

అప్పుడు మెట్‌పల్లి బయటికి వచ్చింది. "ఏమే, మొనగత్తెవైనవా? నీకు కలం చేతికిచ్చింది ఎవడు?"

"మీరే సార్. అందుకే మొదటిసారి రాయలే. రాయకుంటే ఏమైందో కాలనీల ఉన్నది, పోయి చూడుండ్రి."

కాయితం సొరుగుల పెట్టి తాళం వేసిండు. ఆ నెల పత్రిక వచ్చింది. ఆఖరు పేజీల నా సమీక్ష లేదు, దోమల మీద వ్యాసం ఉన్నది. వారాలు పోయినయి. ఎదురుపడితే నన్ను కాదు, నా ఎనుక గోడను చూసేటోడు. ప్రెస్సుల రెండో ముద్రణ నడుస్తున్నది. రోజుకు ఎన్ని గడియారాలు అచ్చయితున్నయో, ఎన్ని కాలనీలల్ల ఎందరు రాధమ్మలు మాట వింటరో అని నేను పరేషాన్. బాగలేదని స్టోరుల వేయించిన పుస్తకాలు ఎన్నో ఉన్నయి. దీన్ని ఆపేటంత బలం మాత్రం నా ఆఖరు పేజీకి లేకపాయె.

అప్పుడు సుగుణ దగ్గరికెల్లి ఉత్తరం వచ్చింది.

"మేడం, పెద్ద సారు చెప్పకుండ వచ్చిండు. సమ్మె అయిపోయింది గద, మూడింటి సైరన్ దాక రాధమ్మ వాకిట్ల స్టూలేసుకొని కూసున్నడు. సైరన్ కూసింది. రాధమ్మ లేవలే. పిల్ల అప్పటికే తాగి పండుకున్నది. సారు లచ్చవ్వను 'ఎన్ని గంటలకు ఇచ్చింది?' అని అడిగిండు. లచ్చవ్వ 'నాకేం ఎరుక, పిల్ల లేచినంక పిల్లనే అడుగు సారూ' అన్నది. సారు తక్కెడ తెప్పించి, తానే బిడ్డను జోలెల వేసి తూకం చూసిండు. బరువెక్కింది మేడం. సారు ముల్లును రెండుసార్లు చూసిండు. పోయేటప్పుడు లచ్చవ్వకు దండం పెట్టిండు."

ఆ పై నెల పత్రికల నా సమీక్ష అచ్చయింది, పొల్లు పోకుండ. ఒక్క వాక్యమే ఆయన కొట్టేసిండు. నా కాయితం తిరిగి నాకు పంపిచ్చిండు, అంచుల ఎర్ర సిరాతోని రాసి ఉన్నది: "అట్ట గురించి అనవసరం."

న్యాయం అంటే

ఆ అమ్మాయిలు అడిగిన దానికి జవాబు ఏందంటే, న్యాయంగ రాసుడంటే సగం పొగిడి సగం తిట్టుడు గాదు. పుస్తకంల నూరు మంచి పేజీలు ఉండనీ, ఒక్క పేజీ తల్లి చేతిల పడి ఏం చేస్తదో అడగాలె. ఆ ఒక్కదానికోసం నూరు పేజీలను పొయ్యిల వెయ్యొద్దు. మంత్రసాని చెప్పినా, డాక్టరు చెప్పినా అదే తక్కెడ. రాసినోడు మనకు అన్నం పెట్టినోడైతే కలం ఇంకా గట్టిగ పట్టుకోవాలె, ఎందుకంటే అప్పుడే అది జారుతది. చదివినంక మీరు మీ ఇంట్ల ఏం చేసిండ్రో యాది చేసుకోండ్రి. మీరు చెయ్యనిది ఇంకొకరిని చెయ్యమని రాయకండ్రి.

రెండో ముద్రణ పుస్తకం ఒకనాడు నా బల్ల మీద ఉన్నది. లోపల చీటీ: "అభిప్రాయం రాయండి." మునుపటి లెక్క వేలు తడుపుకొని పేజీలు తిప్పిన. ముప్పై దాక వచ్చి ఆగిన. తిప్పిన.

ముప్పై ఒకటో పేజీ తెల్లగ ఉన్నది. కింద అంకె ఉన్నది, పేజీల ఏం లేదు. పేజీల అంకెలు, విషయసూచిక ముందే కూర్చినందుకు జరపనీకి రాదని ప్రెస్సోళ్లు అంటే, సారు తానే పోయి, గడియారం బొమ్మను, దాని కింది అక్షరాలను ఊడదీయించి, జాగ అట్లనే వదిలేయించిండట. తప్పైందని ఆయన నాతోని ఎప్పుడు అనలే. నేను అడగలే.

నేను రాసిన: "ముర్రుపాల అధ్యాయం కోసం ఈ పుస్తకం కొనండి. ముప్పై ఒకటో పేజీ మొదటి ముద్రణ కంటే ఎంతో మెరుగైంది. దాని మీద ఏమీ లేదు. ఎప్పుడు పాలివ్వాలో మీ ఊరి బిడ్డ చెప్పినప్పుడు అక్కడ రాసుకోండి."

సారు దాన్ని చూసి నాకు చీటీ పంపిండు. ఈసారి ఆఫీసు భాష గాదు, మెట్‌పల్లి భాష: "తెల్లకాయితానికి సమీక్ష రాసుడు నీకు పాత అలవాటే గద. ఈసారన్న తెరిచి చూసే రాసినవా?"

అదే చీటీ కింద రాసి పంపిన: "తెరిచి చూసిన సార్. ఉప్పు వెయ్యలే."